నీళ్ళకి ముందు నడిచే మనిషి

పోయిన వారం నన్ను గవర్నర్‌పేటలో, డాక్టరు జయదేవ్ గారి ఆఫీసు మెట్ల మీద, చేతిలో ఫారంతో నిలబెట్టి వదిలేశాను. ఆ మెట్ల దాకా ఎందుకొచ్చానో కొత్తగా చదివేవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్తాను. పాతవాళ్ళు ఓపిక పట్టాలి.

నా పేరు సైదావలి. వయసు యాభై ఒకటి. చదువు ఏడో తరగతి, అదీ సగం. ఇరవయ్యారేళ్ళు కాలవ మీద లస్కరుగా చేశాను. లస్కరంటే లాకు తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, గట్టు కాసేవాడు. వేసవిలో కాలవ కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. వదిలిన రోజున ఆ కొత్త నీళ్ళకి ముందుగా ఒక మనిషి పోవాలి. ఎండిన కాలవలో బర్రెల్ని కట్టేసేవాళ్ళుంటారు, పుచ్చపాదులు పెట్టేవాళ్ళుంటారు, గుడారం వేసుకుని పడుకునేవాళ్ళుంటారు. "నీళ్ళొస్తన్నయ్, లెగండో" అని అరుచుకుంటూ, బెజవాడ నుంచి శివారున ఉప్పుదిబ్బ దాకా నూట పది కిలోమీటర్లు. ఆ మనిషిని నేను. పదో తరగతి కాయితం లేదని నన్ను పర్మినెంటు చెయ్యలేదు. మొన్న మార్చిలో లాకులకి మోటార్లు బిగించారు, ఫోన్లో గ్రూపు పెట్టారు, నీళ్ళకి ముందు మనిషి ఇక అక్కర్లేదని ఇంటికి పంపారు. గ్రూపులోంచి కూడా తీసేశారు.

సరిగ్గా అప్పుడే డాక్టరు గారి పరుగుల క్లబ్బు 'నీటితో పరుగు' అని మొదలుపెట్టింది. కాలవలు వదిలిన రోజున బయల్దేరి, నీళ్ళతో పాటు పరిగెత్తి, ఐదు రోజుల్లో ఉప్పుదిబ్బ చేరాలి. పోగైన చందాలతో ఆ ఊళ్ళో మంచినీళ్ళ ప్లాంటు పెట్టాలి. ఉప్పుదిబ్బ మా అత్తగారి ఊరు. అక్కడి బోరు నీళ్ళలో కందిపప్పు ఉడకదు. మా బావమరిది ఇష్తియాక్ కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు బస్సెక్కి బెజవాడ వచ్చి రక్తం కడిగించుకుపోతున్నాడు. అందుకే ఫారం నింపాను. దారి చూపించడానికి కాదు, పరిగెత్తడానికి.

ఇక మెట్లెక్కుతాను.

లోపల ముగ్గురున్నారు. డాక్టరు గారు ఎముకల డాక్టరు, మెత్తగా మాట్లాడతారు. పరుగు పనులన్నీ చూసే శ్రీలలిత గారు ఆడిటరు. ప్రణవ్ బ్యాంకు కుర్రాడు, క్లబ్బులో అందరికంటే జోరుగా పరిగెత్తేవాడు. చేతికి అరచేయంత వాచీ ఉంది.

ఫారంలో 'ఇంతకు ముందు పాల్గొన్న దూరపు పరుగులు' అని ఒక గడి ఉంది. ఎవరైనా అబద్ధం రాయడానికి పెట్టినట్టుంటుంది. నేను నిజం రాశాను. తొంభై తొమ్మిది నుంచి ఏడాదికొకటి. దూరం నూట పది. గడి చాలక వెనక పేజీలో కూడా రాశాను.

శ్రీలలిత గారు కాయితం అటూ ఇటూ తిప్పారు. "సైదావలి గారూ, ఇవి ఇరవయ్యారు అల్ట్రాలా?"

"అల్ట్రా అంటే ఏంటమ్మా?"

"నలభై రెండు కిలోమీటర్లు దాటిన పరుగండీ."

"అయితే అవే."

ప్రణవ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "సర్టిఫికెట్లేమైనా ఉన్నాయా అంకుల్? మెడల్స్?"

"కొబ్బరి చిప్పలిచ్చేవాళ్ళు" అన్నాను. "కొత్త నీళ్ళు ఊళ్ళోకి రాగానే ఉప్పుదిబ్బ ఆడవాళ్ళు పసుపు కుంకుమ వేసి కొబ్బరికాయ కొడతారు. ఒక చిప్ప కాలవకి, ఒక చిప్ప నాకు. నా చిప్పలన్నీ పచ్చడైపోయినయ్. అనుమానముంటే మా ఆవిణ్ణి అడుగు."

డాక్టరు గారు నవ్వలేదు. అది ఆయనలో నాకు నచ్చిన మొదటి సంగతి. కానీ తర్వాత అన్న మాట నచ్చలేదు. "మీ అనుభవం మాకు చాలా అవసరమండీ. వాలంటీరుగా రండి. బండి మీద ముందు వెళ్ళి దారి చెబుదురుగాని. భోజనం మాదే, టీ షర్టు కూడా ఇస్తాం."

శ్రీలలిత గారు ఆ టీ షర్టు తీసి బల్ల మీద పెట్టారు. నారింజ రంగుది. వీపు మీద 'సహాయకుడు' అని ఉంది.

ఇరవయ్యారేళ్ళు నన్ను ఏమని పిలవాలో కాలవ ఆఫీసుకి తెలియలేదు. కాయితాల్లో దినకూలీ అన్నారు, ఎన్నికలప్పుడు సిబ్బంది అన్నారు, వరదలప్పుడు ఒరేయ్ అన్నారు. వీళ్ళు మాత్రం ఒక్క నిమిషంలో తేల్చేశారు.

"నేను బండెక్కను" అన్నాను.

"వయసు కూడా చూసుకోవాలి కదండీ."

"నా వయసు సంగతి తర్వాత. ముందు మీ లెక్క సంగతి చూడండి. నూట పదిని ఐదుతో భాగించారు. నీళ్ళు భాగారాల్లో నడవవు డాక్టరు గారూ. రెండు నెలలు ఎండిన కాలవ ముందు తను తాగుద్ది. దప్పిక తీరాకే కిందికి వదులుద్ది. ఒక్కో లాకు దగ్గర నీళ్ళు ఆగుతయ్. ఒకచోట పగలంతా నిలబడతయ్, ఇంకోచోట తెల్లారేసరికి నాలుగూళ్ళు దాటతయ్. ఐదో రోజుకి మీరు ఉప్పుదిబ్బలో ఉంటారు. నీళ్ళుండవు. ఎండు కాలవ పక్కన ఫోటో దిగి వచ్చేస్తారు. ఆ ఊరివాళ్ళు అలాంటి ఫోటోలు శానా చూశారు."

కింద ఆటోల హారన్లు వినపడ్డాయి. శ్రీలలిత గారు పెన్ను మూత తీసి, "అయితే ఏం చేద్దామంటారు?" అన్నారు.

"నీళ్ళు బయల్దేరినప్పుడు బయల్దేరాలి. ఆగినచోట ఆగాలి. ఇది మీరు కొత్తగా కనిపెట్టిన పరుగు కాదమ్మా, నా ఉద్యోగం. ముందు నేనుంటాను. పరిగెత్తేవాళ్ళలాగే ఛాతీకి నంబరు కట్టుకుని ఉంటాను."

డాక్టరు గారు నా మోకాళ్ళ వంక చూశారు. ఎముకల డాక్టర్లు మనిషి ముఖం కంటే ముందు అవే చూస్తారనుకుంటా. "ఆదివారం ట్రయల్ ఉంది" అన్నారు. "మూడో లాకు దగ్గర దిగి, కాలవలో పది కిలోమీటర్లు కిందికి, పది వెనక్కి. ప్రణవ్ మీతో ఉంటాడు. మూడు గంటల్లోపు తిరిగొచ్చి లాకు మీద నా చెయ్యి ముట్టుకోండి, ఒకటో నంబరు మీదే. రాలేకపోతే ఈ టీ షర్టు. సరేనా?"

"సరే."

"ఒక షరతండీ. బూట్లు వేసుకోవాలి. ఉత్త కాళ్ళతో పరిగెత్తి ఏదైనా గుచ్చుకుంటే మాట పడేది మేము."

అక్కడ నేను కాదనాల్సింది. నంబరు మీద ఆశతో తలూపాను.

ఇంటికొచ్చి వాళ్ళిచ్చిన బూట్లు గడప దగ్గర పెడితే మా ఆవిడ అక్తరున్నీసా వాటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసినంత పని చేసింది. "ఇన్నేళ్ళు చాకిరీ చేయించుకున్నోళ్ళు చెప్పులు కూడా కొనివ్వలా. వీళ్ళెవరో బూట్లిచ్చారు. ఇంకా ముఖం అట్టా పెట్టావేంటయ్యా?"

"నన్ను బండెక్కమన్నారు."

"ఎక్కితే ఏం పోయింది? మా తమ్ముడికి ఆ మిషను పక్కన పడుకునే ఖర్మ తప్పితే చాలు. ముందు ఎవరు పరిగెత్తితే ఏంటి?"

నేను బూట్ల తాళ్ళు విప్పుతూ కూర్చున్నాను. ఆమె గిన్నెలు సర్దుతూ సర్దుతూ, నా వైపు తిరక్కుండానే అంది. "సరే, పోతే గెలిచి రా. ఓడిపోతే మాత్రం ఆ టీ షర్టు ఇంటికి తేమాక. మసిగుడ్డలు చాలా ఉన్నయ్."

ఆదివారం అయిదున్నరకి మూడో లాకు చేరాం. గట్టు మీద రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వి కంకర పోశారు. దాని మీద సైకిలు కూడా పోదు, అందుకే పరుగు కాలవలో. డాక్టరు గారు, శ్రీలలిత గారు లాకు మీద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకున్నారు.

కాలవలో దిగేముందు లస్కరు చేసే పని ఒకటుంది. లాకు పైకెక్కి, ఎగువ వైపు కళ్ళు చిట్లించి ఒకసారి చూస్తాడు. దూరంగా కాలవ మీద కొంగలు గుంపుగా వాలుతున్నాయంటే నీళ్ళొస్తున్నాయని అర్థం. తడిసిన నెర్రెల్లోంచి పురుగులు పైకొస్తాయి, వాటి కోసం కొంగలు కొత్త నీటి అంచు వెంబడే నడుస్తాయి. ఈ పని నాకెవరూ చెప్పలేదు, నేనెప్పుడూ మానలేదు.

ఆ రోజు నేను బూట్ల తాళ్ళతో కుస్తీ పడుతున్నాను. ముడి రెండుసార్లు ఊడింది. చివరికి ప్రణవ్ వంగి, చిన్నపిల్లాడికి కట్టినట్టు కట్టాడు. సిగ్గుతో తల దించుకుని కాలవలోకి దిగిపోయాను. ఎగువకి చూడలేదు.

కొత్త బూట్లలో పరుగు ఎలా ఉంటుందంటే, పరుపు మీద నడిచినట్టుంటుంది. కింద ఏముందో తెలియదు. ఇసుకో, అడుసో, గులకరాయో, ఏదైనా ఒకటే. ప్రణవ్ నాకు నాలుగడుగులు ముందు వెనక్కి తిరిగి పరిగెడుతున్నాడు, నన్ను చూస్తూ.

"కష్టంగా ఉంటే చెప్పండంకుల్. సిగ్గు పడకండి."

"ముందు చూసి పరిగెత్తు నాయనా. వెనక ఉన్నది బర్రె, నేను కాదు."

వాడు ఉలిక్కిపడి తిరిగేసరికి నిజంగానే ఒక బర్రె. ఆ తర్వాత నా పక్కనే పరిగెత్తాడు.

నాలుగో కిలోమీటరు దగ్గర బాతులవాళ్ళ గుడారం వచ్చింది. ఏటా వేసవిలో బాతుల మందల్ని తోలుకొచ్చి ఆ మలుపులోనే, కాలవ నడి మధ్యన నీడపట్టున దిగుతారు. ఒంటరిగా శివపార్వతి ఉంది, అరవై దాటిన మనిషి. రెండు గుంజలకి పాత చీరతో కట్టిన ఉయ్యాల్లో మనవరాలు చిన్ని నిద్రపోతోంది.

"ఏంది సైదులన్నా, బూట్లేసుకున్నావ్? కోర్టుకి పోతన్నావా?" అంది.

"పరుగు పందెమక్కా. మీవాళ్ళేరి?"

"బాతుల్ని తోలుకుని అవతల చేలల్లోకి పోయినారు. పొద్దు గుంకితే గాని రారు. నా మోకాలు చూడు, గుమ్మడికాయైంది. అడుగు తీసి అడుగు ఎయ్యలేను." తర్వాత, ఏటా అడిగే మాటే అడిగింది. "నీళ్ళెప్పుడన్నా?"

"శుక్రవారం వదులుతారు. ఇంకా ఐదు రోజులుంది. నిమ్మళంగా ఉండు."

"నువ్వు చెప్తే చాల్లే" అని పొయ్యి వైపు జరిగింది.

పది కిలోమీటర్లకి జెండా పాతిన చోట తిరిగాం. అప్పటికి మడమ దగ్గర చర్మం లేచింది. పద్నాలుగు, పదిహేను దాటాం. గుడారం దగ్గర శివపార్వతి మళ్ళీ చెయ్యి ఊపింది. ప్రణవ్ మాట తీరు మారింది. "టైమ్ చాలా బాగుందంకుల్. ఇలాగే వస్తే పది నిమిషాలు ముందే చేరతాం." కొంచెం ఆగి, "ఆ ఇరవయ్యారూ నిజమేనా?" అన్నాడు.

"నీ వాచీని అడుగు."

మలుపు తిరిగితే లాకు కనపడింది. అర కిలోమీటరు. డాక్టరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నా ఎడమ బూటులో బొబ్బ చితికి, అడుగేస్తే నిప్పు తొక్కినట్టుంది. ఆగి, కూర్చుని రెండు బూట్లూ లాగేశాను.

"వద్దంకుల్, ఒప్పుకోరు. షరతు కదా."

"ఈ నాలుగడుగులకి షరతేంటి" అని నేల మీద పాదం మోపాను.

నేల చల్లగా ఉంది.

జూన్ ఎండకి, ఎనిమిది దాటాక, నిన్నటి దాకా నెర్రెలిచ్చిన కాలవ అడుగు చల్లగా ఉండకూడదు. బొటనవేలితో ఇసుక గీరాను. కింద ముదురు రంగులో తడి. షట్టరు అడుగున రబ్బరు పట్టీ చివికిపోయి నాలుగేళ్ళయింది. ఎగువన నీళ్ళు నిలబడితే దాని కిందనుంచి ఇలాగే చెమ్మ పాకుతుంది.

"లాకు వెనక నీళ్ళున్నయ్" అన్నాను.

"అవునంకుల్, చెప్పడం మర్చిపోయా" అన్నాడు ప్రణవ్, ఎంతో మామూలుగా. "తాగునీటి చెరువులకని ముందే వదిలారంట. శ్రీలలిత మేడమ్ ఇందాకే పెట్టారు." ఫోను చూపించాడు. లాకు మీద డాక్టరు గారూ ఆమే నవ్వుతూ దిగిన ఫోటో. కింద 'మన నీళ్ళు వచ్చేశాయి, శుభ శకునం' అని రాసి ఉంది. వాళ్ళ వెనక, షట్టరుకి ఆనుకుని, ఎర్రటి కొత్త నీళ్ళు. ఆ నీళ్ళ అంచున బారు కట్టిన కొంగలు.

నేను మనుషుల్ని చూడలేదు. షట్టరు మీద తెల్ల గీతని చూశాను. నీళ్ళు ఆ గీతకి జానెడు కింద ఉన్నాయి. గీత మునిగితే మోటారు దానంతటదే షట్టరు ఎత్తుతుంది. అప్పుడు వచ్చేవి నడిచొచ్చే నీళ్ళు కావు. నిలువెత్తున విరుచుకుపడే నీళ్ళు.

"ఈ ఫోటో ఎప్పటిది?"

"పావుగంటయింది."

ఇక్కడి నుంచి గుడారం మూడున్నర కిలోమీటర్లు. ఉయ్యాల్లో చిన్ని. గుమ్మడికాయ మోకాలితో శివపార్వతి. ఇంకా ఐదు రోజులుందని చెప్పింది ఆఫీసు కాదు, గ్రూపు కాదు. నేను. పొద్దున లాకెక్కి ఒక్కసారి ఎగువకి చూసుంటే ఆ మాట నా నోట వచ్చేది కాదు.

ప్రణవ్‌కి రెండు వాక్యాల్లో చెప్పాను. వాడి ముఖంలో రంగు పోయింది. లాకు మీదున్న ఇద్దరికీ ఫోను కొట్టాడు, ఎవరూ ఎత్తలేదు. కుర్రాడు మంచోడే, వెంటనే అన్నాడు. "నేను వెనక్కి వెళ్తానంకుల్. మీకంటే ఫాస్ట్. మీరు లాకు దగ్గరికి వెళ్ళి మోటారు ఆపించండి. నంబరు కూడా వచ్చేస్తుంది."

ఎంత చక్కని మాట. ఐదారు వందల అడుగులు వేస్తే నంబరు. పన్నెండు నిమిషాలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఇన్నేళ్ళలో నాకు దొరికే మొదటి కాయితం.

"నువ్వు పోయి లెగమంటే ఆమె లెగదు" అన్నాను. "రంగు బనీను తొడుక్కున్న కుర్రాడు కాలవలో అరిస్తే రీలు తీస్తన్నాడనుకుంటది. సైదులన్న ఐదు రోజులన్నాడు, పో బాబూ అంటది. అబద్ధం చెప్పిన నోరే పోయి నిజం చెప్పాలి. నువ్వు లాకుకి ఉరుకు. మోటారు గదికి తాళం ఉంటది. దాని చెవి నా దగ్గరే ఉండేది, మార్చిలో లాక్కున్నారు. రాయి తీసుకుని పగలగొట్టు. లోపల ఎర్ర మీట ఉంటది, కిందికి లాగు."

"అంకుల్, అది గవర్నమెంటు ప్రాపర్టీ."

"నా పేరు చెప్పు. సైదావలి పగలగొట్టమన్నాడని చెప్పు. ఇంకోసారి ఇంటికి పంపడానికి వాళ్ళ దగ్గర నేను లేను."

వాడు లాకు వైపు ఉరికాడు. అంతసేపు నా పక్కన ఎంత తగ్గి పరిగెత్తాడో అప్పుడు తెలిసింది.

నేను వెనక్కి తిరిగాను. బూట్లు అక్కడే వదిలేశాను. ఇరవై కిలోమీటర్లకి అర కిలోమీటరు తక్కువ పరిగెత్తిన కాళ్ళు, ఇంకా పరిగెత్తాలంటే ముందు నమ్మలేదు. నాలుగడుగులయ్యాక నేల తగిలింది. ఇసుక ఇసుకలాగా, అడుసు అడుసులాగా తెలిసింది. ఆ తర్వాత కాళ్ళు నన్నేమీ అడగలేదు.

వెనకనుంచి డాక్టరు గారి గొంతు, రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలుస్తున్నట్టుంది. "సైదావలి గారూ, ఇటండీ, ఇటు. టైముంది. అటు వెళ్తే లెక్కలోకి రాదు."

ఇరవయ్యారేళ్ళుగా నేను పోయింది అటే. ఎవరి లెక్కలోకీ రాలేదు. ఈ ఒక్కసారికి కూడా రాకపోతే నష్టమేముంది.

గొంతు సవరించుకున్నాను. నిరుడు జూన్ నుంచి వాడని గొంతు. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కేక లేచింది, రెండు గట్ల మధ్యన బాణంలా దిగువకి పోయింది.

"నీళ్ళొస్తన్నయ్, లెగండో."

జవాబుగా వెనకనుంచి ఒక చప్పుడొచ్చింది. ప్రణవ్ తాళం మీద రాయి వేసిన చప్పుడు కాదు. అంతకు ముందే, మోటారు మూలిగి, షట్టరుని పైకెత్తడానికి గొలుసు బిగుసుకున్న చప్పుడు.